తూకం తగ్గని మనిషి

జనగామ మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలకు బాలనర్సయ్య మేస్త్రి. మంచి ఎత్తరి, ఎత్తుకు తగ్గ వెడల్పు. వడ్ల సీజన్‌లో పని అయిపోయాక హమాలీలు సరదాకి ఒకరి తర్వాత ఒకరు కాంటా ఎక్కి బరువు చూసుకునేవాళ్లు. ఎండల్లో మోసి మోసి అందరూ ఎంతో కొంత చిక్కిపోయి ఉండేవాళ్లు. బాలనర్సయ్య మాత్రం ఎప్పుడు ఎక్కినా క్వింటాలుకు అటూ ఇటూగానే తూగేవాడు.

"గీనెకు బస్తాలు మోసినకొద్ది ఒళ్లు జేస్తది" అనేవాడు లచ్చయ్య. ఇద్దరూ కుర్రతనం నుంచి ఒకే జట్టులో మోసినవాళ్లు.

అందుకే ఆ చలికాలంలో వరంగల్ దవాఖానలో డాక్టర్లు పెద్దపేగులో క్యాన్సర్ ఉందని చెప్పినప్పుడు అతని భార్య చంద్రమ్మకు నమ్మబుద్ధి కాలేదు. క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎట్లా అయిపోతారో ఆమె చూసింది. వాళ్ల వాడకట్టులోనే ఒకామె ఎముకల గూడై పోయింది. ఇతనేమో నిలబడితే తలుపు నిండేంత మనిషి. విరేచనంలో రక్తం పడితే మొలలనుకున్నారు, మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసనుకున్నారు. ఆపరేషన్ చేసి పేగులో కొంత తీసేశారు. అయితే కాలేయం మీద కూడా మచ్చలున్నాయని, రెండు వారాలకోసారి వచ్చి సెలైన్‌లో మందు ఎక్కించుకుని పోవాలని చెప్పారు.

మందు ఎక్కించే వార్డులో అతని పక్క మంచం అబ్దుల్ బారీది. ఊరు మహబూబాబాద్. సైకిల్ మీద బన్నులు, రస్కులు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లూ తండాలూ తిరిగి అమ్మేవాడు. అతనిదీ అదే జబ్బు, ఆపరేషన్ కూడా కొంచెం అటూ ఇటూగా అప్పుడే అయింది. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా హ్యాంగర్‌కు వేలాడదీసినట్టుండేవాడు. చంద్రమ్మ అతన్ని చూసి లోలోపల జాలిపడేది. తను తెచ్చిన అరటిపండ్లలో రెండు అతనికి పెట్టేది.

"భాయ్, జర తిను. ఒంట్ల ఏమన్న ఉంటెనే గదా మందుకు తట్టుకునేది" అనేది.

"నేను పుట్టిందే గిట్ల వదినా" అని నవ్వేవాడు బారీ. "మా అమ్మ గుడ నన్ను జూసి గిదే రంది పెట్టుకునేది."

వెళ్లిన ప్రతిసారీ నర్సు బరువు చూసేది. బాలనర్సయ్య తూకం తగ్గలేదు. ఒకసారైతే కొంచెం పెరిగింది కూడా. ఆ రోజు చంద్రమ్మ వార్డు బయటికి వచ్చి భూపాలపల్లిలో ఉన్న కొడుకు నగేశ్‌కు ఫోన్ చేసింది. నగేశ్ అక్కడ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో కాంట్రాక్టు కింద మట్టి మోసే డంపర్ నడుపుతాడు.

"బాపు మంచిగున్నడు బిడ్డా. తూకం పెరిగిందట. నువ్వు పరేషాన్ కాకు" అని చెప్పింది.

ఇంటి దగ్గర అతన్ని కాలు కింద పెట్టనిచ్చేవాళ్లు కాదు. హమాలీ జట్టువాళ్లు పొద్దున ఇద్దరు, సాయంత్రం ఇద్దరు వచ్చేవాళ్లు. అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా ఎత్తి బయట నీడకు తెచ్చేవాళ్లు, స్నానానికి తీసుకుపోయేవాళ్లు. "ఇన్నేండ్లు మమ్ముల నడిపిచ్చినవే అన్నా, ఇగ మేం మోస్తం" అనేవాడు లచ్చయ్య. మొదట్లో బాలనర్సయ్య సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత కుర్చీ రాకపోతే మంచం దిగడమే మానేశాడు.

తిండి సంగతి అతని అక్క పోచమ్మ చూసుకుంది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చి తమ్ముడి ఇంట్లో మకాం పెట్టి, ఎవరెవరో చెప్పినవన్నీ పథ్యంగా నిలబెట్టింది. గుడ్డు వద్దు, మాంసం వద్దు, పెరుగు వద్దు, పప్పు వద్దు. నీసు ముడితే కోసిన దగ్గర గడ్డ మళ్లీ మొలుస్తుందన్నది. జావ, బత్తాయి రసం, మెత్తటి అన్నంలో చారు. చంద్రమ్మ ఆ జావను చల్లార్చి, ఉండలు లేకుండా వడగట్టి, పక్కన కూర్చుని చెంచాతో తాగించేది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతనికి అంత ఓపిగ్గా పెట్టింది అప్పుడేనని ఆమెకే అనిపించేది.

ఉగాది ముందు ఎక్కించిన మందుకు అతను పడిపోయాడు. నోరంతా పూసింది, విరేచనాలు ఆగలేదు, జ్వరం వచ్చింది. అంబులెన్స్‌లో వరంగల్ తీసుకుపోయి వార్డులో చేర్చారు. అదే మందు అదే రోజు ఎక్కించుకున్న అబ్దుల్ బారీ, రెండు రోజులు నీరసంగా పడుకుని లేచి, ఇతను చేరాడని తెలిసి చూడ్డానికి వచ్చాడు. మహబూబాబాద్ నుంచి రైలెక్కి, వరంగల్ స్టేషన్ నుంచి నడిచే వచ్చాడట. చంద్రమ్మ అతన్ని చూసింది, మంచం మీది మొగుణ్ని చూసింది. ఎక్కడో ఏదో లెక్క తప్పిందని ఆమెకు అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది.

వార్డు డాక్టర్ పేరు మాన్‌సింగ్. మహబూబాబాద్ దగ్గర తండాలో పుట్టి పెరిగినవాడు, ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. జ్వరం తగ్గిన రోజు బాలనర్సయ్యను మంచం పక్క కుర్చీలో కూర్చోబెట్టించి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని లేవమన్నాడు.

బాలనర్సయ్య ముందుకు వంగాడు. తొడలు వణికాయి. లేవలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారి చేతులు విడిపించుకుని మంచం పట్టె పట్టుకోబోతే డాక్టర్ సున్నితంగా ఆపాడు.

"సరే పెద్దనాయిన, చాలు" అని, పిడికిట్లో పట్టుకుని నొక్కే ఒక చిన్న పరికరం చేతికిచ్చాడు. "మీకున్న బలమంత పెట్టి పిసకాలె."

బాలనర్సయ్య పళ్లు బిగించి పిసికాడు. ముల్లు కొంచెం కదిలి ఆగింది. అతను దాన్ని తిప్పి చూశాడు.

"గిది ఖరాబైనట్టున్నది సారు" అన్నాడు.

పక్కనే ఉన్న నర్సు దాన్ని తీసుకుని సర్దబోతూ అలవాటుగా ఒకసారి నొక్కింది. ముల్లు చాలా దూరం పోయింది. అది బాలనర్సయ్య కూడా చూశాడు. తర్వాత ఆ రోజంతా అతను గోడ వైపే తిరిగి పడుకున్నాడు.

మరుసటి రోజు నగేశ్ భూపాలపల్లి నుంచి వచ్చాడు. డాక్టర్ తల్లీకొడుకులిద్దర్నీ తన గదిలోకి పిలిచి కంప్యూటర్ మీద రెండు స్కానింగ్ బొమ్మలు పక్కపక్కన పెట్టాడు.

"గిది నడుం దగ్గర అడ్డంగ తీసిన ఫొటో అమ్మా. తెల్లగున్నది వెన్నుపూస. దాని చుట్టు బూడిద రంగుల ఉన్నది కండ. బయట నల్లగ ఉన్నది కొవ్వు. ఎడమ దిక్కుది ఆపరేషన్ కాకముందుది, కుడి దిక్కుది మొన్నటిది."

చంద్రమ్మకు చదువు లేదు గానీ చూపుకు తేడా తెలిసింది. మొదటి బొమ్మలో వెన్ను చుట్టూ నిండుగా ఉన్న కండ రెండోదాంట్లో సగానికి చిక్కిపోయి, మధ్యలో నల్లటి చారలు పడి ఉంది. బయటి నల్లటి వలయం మాత్రం అంతే మందంగా ఉంది.

"తూకం తగ్గలేదు సార్" అన్నాడు నగేశ్.

"తగ్గదు. కండ పోయింది, కొవ్వు అట్లనే ఉన్నది, కాళ్లల్ల నీరు చేరింది. మూడు కలిపి తూస్తే అదే బరువు వస్తది. పైనుంచి చూస్తే మనిషి నిండుగనే కనపడ్తడు. మందు మోతాదు మనిషి ఎత్తు, బరువు చూసి లెక్క కడ్తం. గా బరువుల కండ తక్కువుంటే మందు ఒంటికి ఎక్కువైతది. మొన్న పడిపోయింది అందుకే."

రక్తపరీక్షల కాగితం తీసి ఇంకో సంగతి చెప్పాడు. జబ్బు ఉన్నందువల్ల ఒళ్లంతా లోలోపల వాపుతో రగులుతోందట. గాయమైన చోట ఎర్రగా వాచి కాలినట్టు, అది బయటికి కనిపించకుండా లోపల అన్నివేళలా నడుస్తోందట. ఆ మంటకు ఆకలి చచ్చిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు, ఒళ్లు తన కండను తానే తినేస్తుంది. దాన్ని చూపే పరీక్ష బాగా ఎక్కువ వచ్చింది. రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ బాగా తక్కువ వచ్చింది.

నగేశ్ చాలాసేపు ఆ బొమ్మలనే చూసి అడిగాడు. "అంటే సార్, గివి చూసి మనిషి ఎన్ని దినాలుంటడో చెప్పొచ్చా?"

మాన్‌సింగ్ కుర్చీ నగేశ్ వైపు తిప్పుకున్నాడు. "ఒక మనిషి గురించి చెప్పలేం" అన్నాడు. "కాని ఒకే జబ్బున్న శానామందిని చూస్తే, కండ తగ్గి లోపల మంట ఎక్కువున్నోళ్లు తక్కువ కాలం ఉంటున్నరు. మందుకు తొందరగ ఓడిపోతున్నరు. మీ బాపు ఇప్పుడు గా దిక్కు ఉన్నడు. నేను మీకు అబద్ధం చెప్ప. ఏడాది కష్టమనే అనిపిస్తున్నది."

చంద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి అడిగింది.

"నేను జావ పోసి పండవెట్టినందుకేనా సారు?"

"కాదు పెద్దమ్మా. రోగం వచ్చిననాటి సంది అదే కండను తింటున్నది. మీరు చెయ్యకున్నా కొంత పోయేదే. పండుడు, జావ దానికి తోడైనయ్ అంతే. రోగం చేసేది అంత మన చేతుల లేదు. గీ తోడైంది మాత్రం మనం ఆపొచ్చు."

మందు కొంతకాలం ఆపి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు మోతాదు తగ్గిస్తానన్నాడు. ఈలోపు గుడ్డు, పప్పు, పెరుగు, పాలు, కోడికూర, చేప ఏది దిగితే అది, కొంచెం కొంచెంగా రోజుకు ఎన్నిసార్లయినా పెట్టాలన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, అతను తన కాళ్ల మీద తాను లేవాలి. ఎవరూ ఎత్తకూడదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వాకిట్లో నడవడం, నీళ్ల సీసాలు చేతపట్టి ఎత్తి దించడం.

"ఆయన తిడ్తడు. మీకు మనసొప్పదు. అయిన చెయ్యాలె" అన్నాడు.

ఇంటికి వచ్చిన రోజే పోచమ్మతో గొడవైంది. ఉడికించిన గుడ్డు చూసి ఆమె వంటింటి గడప మీద కూలబడింది.

"నా తమ్ముణ్ని చంపుకుంటవానే" అంది.

"నీ తమ్ముడు జావ తాగి గీడిదాకచ్చిండు వదినా" అంది చంద్రమ్మ. "నీ మాట నేనిన్న. ఇప్పుడు డాక్టర్ మాట ఇంటున్న. నువ్వుంటె ఉండు, నన్ను ఆపకు."

పోచమ్మ మధ్యాహ్నం బండికి ఘన్‌పూర్ వెళ్లిపోయింది.

చంద్రమ్మ అప్పటిదాకా మొగుడికి ఎదురు మాట్లాడిన మనిషి కాదు. ఆ ఎండాకాలం మాట్లాడటం నేర్చుకుంది. పొద్దున కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసి "లే" అనేది. అతను కళ్లు మూసుకునేవాడు. ఆమె అక్కడే నిలబడేది. అతను బూతులు తిట్టేవాడు. బస్తా వీపున వేసుకుని లారీ మీదికి చెక్కపలక ఎక్కినవాణ్ని, నాకు లేచుడు నేర్పిస్తవా అనేవాడు. ఒకరోజు గుడ్డు, పప్పన్నం ఉన్న పళ్లెం విసిరేశాడు. అది తలుపుకు తగిలి వాకిట్లో పడింది. చంద్రమ్మ వెళ్లి నేల తుడిచి, వేరే పళ్లెంలో మళ్లీ పెట్టుకొచ్చింది. అతని ముందు పెట్టి అక్కడే నిలబడింది.

"ఎందుకే గింత పట్టు పట్టినవ్?" అన్నాడు.

"సారు ఏడాది కష్టమన్నడు" అంది చంద్రమ్మ. అంతకుముందు ఆ మాట చెప్పకూడదని కొడుకూ తనూ అనుకున్నారు. నోట్లోంచి వచ్చేసింది. "తూకం లెక్క కాదంట. కండ పోయిందంట నీకు. నాకు ఫొటో జూపిచ్చిండు. నువ్వు తినకుంటె, లేవకుంటె, అంతకంటె ముందే పోతవంట."

బాలనర్సయ్య తన చేతి వైపు చూసుకున్నాడు. రెండో చేత్తో దండచేయి పట్టుకుని చూశాడు. కింద ఏమీ తగలనట్టు మెత్తగా లోపలికి పోయింది వేలు. తర్వాత పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. గుడ్డులో సగం తిన్నాడు. వాంతి చేసుకున్నాడు. సాయంత్రం మిగిలిన సగం అడిగాడు.

అబ్దుల్ బారీ అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. ఒక ఆదివారం కాజీపేటలో బండి మారి జనగామ వచ్చాడు. తన వీధిలో చేసిన రస్కులు ఒక పొట్లం తెచ్చాడు. మనిషి అంతే సన్నగా ఉన్నాడు. మందు ఎక్కించుకోని వారాల్లో మళ్లీ సైకిల్ బయటికి తీశానని, దూరం పోకుండా ఊళ్లోనే తిరుగుతున్నానని చెప్పాడు.

"నీ కాళ్లు జూపియ్యి భాయ్" అన్నాడు బాలనర్సయ్య.

బారీ సిగ్గుపడుతూ పైజామా మోకాలిదాకా లాగాడు. పిక్కలు తాడు పేనినట్టు గట్టిగా ఉన్నాయి. బాలనర్సయ్య ముట్టుకుని చూసి చేయి తీసుకున్నాడు.

"నిన్ను జూసి మేం పాపం అనుకున్నం" అన్నాడు.

"అందరు గట్లనే అనుకుంటరన్నా. చల్, బయటికి పోదాం. యార్డు ఎంత దూరం?"

దూరం ఎక్కువ లేదు గానీ అతను ఆపరేషన్ తర్వాత ఆ దారిలో నడవలేదు. చంద్రమ్మ వెనక నడిచింది. రెండుసార్లు కూర్చున్నాడు, ఒకసారి టీ కొట్టు బల్ల మీద, ఒకసారి ఎవరి అరుగు మీదో. యార్డు గేటు దాటి, ధాన్యం కుప్పల మధ్యకు వచ్చాక మోకాళ్లు ఒక్కసారి వదిలేశాయి. సిమెంటు నేల మీద మోకాళ్ల మీద పడ్డాడు.

లచ్చయ్యా, ఇంకో ముగ్గురూ బస్తాలు వదిలి పరుగెత్తుకొచ్చారు. చంద్రమ్మ వాళ్లకు అడ్డం నిలబడింది.

"ఎవ్వరు పట్టద్దు."

"వదినా, పడిపోయిండు" అన్నాడు లచ్చయ్య.

"సూస్తున్న. పట్టద్దు లచ్చన్నా. నీ కాళ్లు మొక్కుత."

లచ్చయ్య ముందుకు చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. బాలనర్సయ్య ఒక చేయి నేల మీద ఆనించి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. పక్కన పేర్చిన బస్తాల అంచు పట్టుకున్నాడు. ఒక కాలు ముందుకు తెచ్చి పాదం ఆనించాడు. చెమట ధారలుగా కారింది. అతను లేచేదాకా యార్డులో ఎవరూ కదల్లేదు. లేచాక బస్తాల మీద కూర్చుని, "చాయ చెప్పురా" అన్నాడు. లచ్చయ్య అటు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత హమాలీలు కుర్చీ ఎత్తడానికి రాలేదు. సాయంత్రాలు వచ్చి, అతనితో పాటు నడిచిపోయేవాళ్లు.

తగ్గించిన మోతాదుతో మందు మళ్లీ మొదలైంది. ఈసారి అతను తట్టుకున్నాడు. వానాకాలం మధ్యలో చేసిన స్కానింగ్‌లో కాలేయం మీది మచ్చలు చిన్నవయ్యాయి. లోపలి మంట పూర్తిగా పోలేదు గానీ సగానికి దిగిందని మాన్‌సింగ్ చెప్పాడు. కండ పెద్దగా పెరగలేదు, పోవడం మాత్రం ఆగింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంటే లేచాడు. పిడికిలి పరికరాన్ని తనే అడిగి తీసుకుని పిసికాడు. నీరు దిగిపోవడంతో తూకం తగ్గింది. ఆ తగ్గినందుకు చంద్రమ్మ మొదటిసారి సంతోషపడింది.

దసరా దాటాక అతను భూపాలపల్లి పోతానన్నాడు. కొడుకు అక్కడ కాపురం పెట్టిన దగ్గర్నుంచి సీజన్ అని ఒకసారి, జట్టు పని అని ఒకసారి వాయిదా వేస్తూ ఒక్కసారీ పోలేదు. హనుమకొండలో బస్సు మారారు. మెట్ల దగ్గర కండక్టర్ చేయి అందివ్వబోతే వద్దన్నాడు. పరకాల దాటాక కిటికీలోంచి పత్తి చేలను చూస్తూ, ఈసారి పత్తి మంచిగ పలుకుతది అని పక్క సీటాయనతో మాట్లాడుతూ పోయాడు.

అక్కడ పది పన్నెండు రోజులున్నారు. కోడలు చేప వండితే రెండు ముక్కలు తిన్నాడు. నగేశ్ ఒక పొద్దున గని నుంచి తీసిపోసిన మట్టి గుట్టలు దూరం నుంచి చూపించడానికి బండి మీద తీసుకుపోయాడు. తండ్రీకొడుకులు రోడ్డు పక్కన నిలబడ్డారు. గుట్ట మీద డంపర్లు చీమల్లా కదులుతున్నాయి.

"గవ్విట్ల నీది గుడ ఉంటదా?" అన్నాడు బాలనర్సయ్య.

"ఊఁ, గట్లాంటిదే బాపు."

"భయమైతదా నడుపుతుంటె?"

"మొదట్ల అయింది. వానల కొంచెం అయితది ఇప్పుడు గుడ."

తండ్రి తలూపాడు. ఇంతకుముందు ఎప్పుడూ కొడుకు పని గురించి అతను అడిగి ఎరగడు. కొంతసేపాగి అన్నాడు. "నగేశా, ఒక మాట. మళ్ల పండుకునే దినం వస్తది. గప్పుడు నన్ను పట్టుకోని హైదరాబాద్, ఆడ, ఈడ తిప్పకు. ఇంటికాన్నే ఉంట. మీ అవ్వ ఒప్పుకోదు. నువ్వే చెప్పాలె."

నగేశ్ తండ్రి భుజం మీద చేయి వేశాడు. కాసేపు అట్లాగే నిలబడి ఇంటికి తిరిగొచ్చారు.

ఏడాది కష్టమన్న గడువు దాటింది. ఇంకో ఉగాది వచ్చింది. వడ్లు యార్డుకు వచ్చే రోజుల్లో బాలనర్సయ్య ఒక స్టూలు వేసుకుని కాంటా దగ్గర కూర్చుని జట్టుకు పనులు పంచాడు. మోయలేడని ఎవరూ అనలేదు, తనూ ప్రయత్నించలేదు.

ఎండలు ముదిరాక ఆకలి మళ్లీ పోయింది. కాళ్ల వాపు వచ్చింది. చంద్రమ్మ భయపడి తిండి పెంచింది. గుడ్లు రెండు చేసింది, పాలలో ప్రోటీన్ పొడి కలిపింది, గంటకోసారి నోటి దగ్గర పెట్టింది. అతను ఈసారి తిట్టలేదు. పెట్టింది తినడానికి నిజంగానే చూశాడు. తిన్నది దిగలేదు, దిగింది నిలవలేదు. పొద్దున కుర్చీ తెచ్చి "లే" అంటే లేవబోయి ఆమె మీద వాలిపోయాడు.

మాన్‌సింగ్ పరీక్షలు చేయించాడు. మంట మునుపటికంటే ఎక్కువైంది. కాలేయం నిండా మచ్చలు. బాలనర్సయ్య మంచం మీదే ఉండగా, అతని ముందే చెప్పాడు.

"పెద్దనాయిన, మందు ఇగ పనిచెయ్యదు. ఇస్తే కష్టమే ఎక్కువైతది."

"నాకు తెలుస్తనే ఉన్నది సారు" అన్నాడు బాలనర్సయ్య. "ఇంటికి పోత."

బయట వరండాలో డాక్టర్ చంద్రమ్మతో విడిగా మాట్లాడాడు. "పెద్దమ్మా, ఇగ తిండి బలవంతం చెయ్యకుర్రి. లేవుమని అనకుర్రి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "అప్పుడు తినకుంటె పోతడన్నవు గద సారు. ఇప్పుడు తినవెట్టద్దంటవేంది?"

"అప్పుడు తింటే కొంచెమన్న ఒంటికి పట్టేది. ఇప్పుడు పట్టదు. ఎంత పెట్టినా లోపలి మంటకే పోతది, ఆయనకు కడుపునొప్పి మిగుల్తది. ఇప్పుడు ఆయన అడిగింది, అడిగినంత ఇయ్యుర్రి. పక్కకు కూసోర్రి. నొప్పికి నేను మందిస్త."

"నేను ఇడిసిపెట్టినట్టు కాదా?"

"కాదు పెద్దమ్మా. మీరు చేసినందుకే ఆయన భూపాలపల్లి పోయొచ్చిండు. నేను గంత అనుకోలే."

బలవంతంగా తినిపించడం కంటే తినిపించకుండా ఉండటం ఆమెకు కష్టమైంది. ఇంటికొచ్చాక కూడా పొద్దున చేయి అలవాటుగా గుడ్డు ఉడకబెట్టేది. పళ్లెంలో పెట్టుకుని గడప దాకా వచ్చి, అక్కడ నిలబడి, వెనక్కి పోయేది. పోచమ్మ మళ్లీ వచ్చింది. ఆమెకూ వయసు మీద పడింది. తమ్ముడి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. వదినామరదళ్లిద్దరూ గతం మాట ఎత్తలేదు. చంద్రమ్మ ఉడికించిన గుడ్డును చివరికి పోచమ్మకే పెట్టింది. ఆమె మారుమాట్లాడకుండా తిన్నది.

నగేశ్ సెలవు పెట్టి వచ్చాడు. చుట్టాలెవరో హైదరాబాద్‌లో ఇంకో పెద్ద దవాఖాన పేరు చెబితే, బాపు వద్దన్నడు అని ఒక్క మాటతో ఆపేశాడు. చంద్రమ్మ కొడుకు వైపు చూసింది గానీ కాదనలేదు.

బాలనర్సయ్య చివరి రోజుల్లో చాయ మాత్రం అడిగేవాడు. రెండు గుటకలు తాగి గ్లాసు ఇచ్చేసేవాడు. తొలకరి పడ్డ తర్వాత ఒక మధ్యాహ్నం, చంద్రమ్మ అతని పాదాలకు కొబ్బరినూనె రాస్తుండగా, "నీ చేతులు సల్లగున్నయ్" అన్నాడు. ఆమె చేతులు కొంగుకు రుద్దుకుని వెచ్చగా చేసుకుని మళ్లీ పెట్టేసరికి అతను నిద్రపోయాడు. ఆ నిద్రలోంచి లేవలేదు. సాయంత్రం అయ్యేలోపు ఊపిరి ఆగింది.

అబ్దుల్ బారీకి మరుసటి రోజు తెలిసింది. మూడో రోజు చేయాల్సినవన్నీ అయ్యాక, ఇల్లు కొంచెం ఖాళీ అయిన వేళకు వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, పందిరి కింద వేసిన చాప మీద కూర్చున్నాడు. చంద్రమ్మ ఎదురుగా కూర్చుంది. పందిరి ఆకుల్లోంచి వాననీళ్లు చుక్క చుక్కగా రాలుతున్నాయి.

"నీకెట్లున్నది భాయ్?" అని అడిగింది.

బారీ చాప ఈనె ఒకటి గోటితో గీకాడు. "గదేం లేదు వదినా."

"పోయిన వారం ఫొటో తీసిండ్రంట గద. నగేశ్ చెప్పిండు."

"తీసిండ్రు."

"ఏమన్నడు సారు?"

బారీ తల ఎత్తలేదు. "ఏం పెరగలేదన్నడు. మచ్చ గుడ కనవడ్తలేదన్నడు. ఆరు నెల్లకు మళ్ల రమ్మన్నడు. గీ ఇంటికచ్చి గా మాట చెప్పబుద్ధి కాలే వదినా. అన్న గుడ నా లెక్కనే తిన్నడు, నా లెక్కనే నడిసిండు. నాకెందుకు మంచిగైందో, అన్నకెందుకు కాలేదో నాకు సమజ్ కాదు."

చంద్రమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల నీకేమన్నరని ముందుగాల గదే అడిగేటోడు" అంది. "నీది మంచిగుందని ఇంటె, గా పూట నాతోని జర మంచిగ మాట్లాడేటోడు. ఇప్పుడు నేనింటున్న. మంచిగైంది. గంతే భాయ్."

లోపలి నుంచి పోచమ్మ విస్తరి తెచ్చి అతని ముందు వేసింది. చంద్రమ్మ లేచి అన్నం వడ్డించింది, పప్పు పోసింది. బారీ కాసేపు విస్తరి వైపు చూస్తూ కూర్చుని, తర్వాత చేయి కడుక్కుని తినడం మొదలుపెట్టాడు. వాన మళ్లీ పెరిగింది. తడవకుండా ఉండాలని చంద్రమ్మ అతన్ని చాపతో సహా కొంచెం లోపలికి జరగమని చెప్పి, తను కూడా ఒక విస్తరి తెచ్చుకుని పక్కన కూర్చుంది.